వార్డుకు ఐదు నక్షత్రాలు, డిశ్చార్జి కౌంటర్‌కు రెండు

ఈ ఆస్పత్రిలో బరువు తగ్గడానికి చేసే స్లీవ్ సర్జరీ చేయించుకుని కొన్ని నెలలైంది. ఎన్ని కిలోలు తగ్గాం, పాత జాకెట్లు ఎంత వదులయ్యాయి అన్న కబుర్లు ఇక్కడ ఇప్పటికే చాలామంది రాశారు, ఫొటోలు కూడా పెట్టారు. నేను రాసేది నొప్పి గురించి. కడుపులో ముప్పాతిక భాగం కోసి తీసేశాక ఆ నొప్పిని వీళ్లు ఎలా చూసుకున్నారు, ఏ మందు ఇచ్చారు, ఏది ఇవ్వకుండా జాగ్రత్త పడ్డారు, చివర్లో ఎక్కడ జారిపోయారు అన్నదే నా విషయం. ఆపరేషన్‌కు ముందు నేను వెతికింది ఈ సమాచారమే. ఎవరూ రాయలేదు.

నేను చిత్తూరు డిపోలో కండక్టర్‌ని. వయసు 48. ఐదడుగుల రెండంగుళాల ఎత్తుకు 118 కిలోల బరువు, అంటే ఎత్తుతో పోల్చి బరువును చెప్పే బీఎంఐ లెక్క 47 దాటింది. షుగరు ఉంది, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, గురక గురించి మా ఇంటి గోడలే చెబుతాయి. ఆసియా వాళ్లకు బీఎంఐ 27.5 నుంచే సర్జరీ అవకాశం ఇవ్వవచ్చని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు మార్గదర్శకాలు మార్చాయి కాబట్టి, నా విషయంలో చేయాలా వద్దా అన్న చర్చే రాలేదు. ఎక్కడ అన్నదే ప్రశ్న. చిత్తూరు వాళ్లకు వేలూరు దగ్గర. మా డిపోలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా అటే బయలుదేరుతారు. మా అమ్మాయి మాత్రం తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో బి.ఫార్మసీ చదువుతూ హాస్టల్లో ఉంటోంది. మంచం పక్కన కూర్చునే మనిషి ఉన్న ఊరే నాకు మంచి ఊరు అనుకుని ఇక్కడికి వచ్చాను.

నా భయం కత్తి గురించి కాదు, తర్వాత ఇచ్చే ఇంజెక్షన్ల గురించి. ఈ అమ్మాయి పుట్టినప్పుడు వేరే చోట సిజేరియన్ అయింది. నొప్పి అనగానే ఏదో ఇంజెక్షన్ పొడిచేవారు. దాంతో నిద్రమత్తు, కళ్లు తెరిస్తే వాంతి, కుట్ల మీద ఆ వాంతి ఒత్తిడి. ఏ మందు ఇచ్చారో చీటీలో కూడా రాయలేదు. అందుకే ఇక్కడ సర్జన్ గారితో మొదటి రోజే చెప్పాను: ‘మేడమ్, నొప్పి ఓర్చుకుంటాను. ఆ మత్తు, ఆ వాంతులు మాత్రం నా వల్ల కాదు.’ ఆవిడ నవ్వలేదు, కొట్టిపారేయలేదు. ‘అది మత్తు డాక్టర్ గారితో మాట్లాడాల్సిన మాట. ఆపరేషన్ రోజు కాదు, ఈరోజే మాట్లాడండి’ అని అక్కడికి పంపారు. ఈ ఆస్పత్రికి నేను వేసే మొదటి మార్కు ఇక్కడే. చాలా చోట్ల మత్తు డాక్టర్ ముఖం థియేటర్ దీపాల కింద తప్ప కనబడదు.

ఆయన మొట్టమొదట చేసిన పని టేపు తీసి నా మెడ కొలవడం. జాకెట్టు కొలతలు ఇవ్వడం అలవాటే గానీ మెడ చుట్టుకొలత ఎవరూ తీసుకోలేదు. 42 సెంటీమీటర్లు. తర్వాత నన్ను వదిలేసి మా ఆయనను అడగడం మొదలుపెట్టారు. గురక గోడ అవతలికి వినిపిస్తుందా? నిద్రలో ఊపిరి ఆగినట్టు ఎప్పుడైనా గమనించారా? పగలు కునుకు తీస్తుందా? మా ఆయనకు ఇన్నాళ్లకు ఫిర్యాదు చేసుకునే చోటు దొరికింది. అడిగినదానికి రెండింతలు చెప్పారు. అక్కడి నుంచి నిద్ర పరీక్షకు పంపారు. స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు, ఉందని తేలింది. ఆపరేషన్‌కు ముందే, మాస్కు ద్వారా గాలి ఒత్తి పంపి గొంతు దారి మూసుకోకుండా చూసే సీపాప్ యంత్రం పెట్టుకుని పడుకోవడం అలవాటు చేసుకోమన్నారు.

అప్పుడు అర్థమయ్యేలా చెప్పారు. మార్ఫిన్, ఫెంటానిల్, ట్రమడాల్ లాంటివన్నీ ఓపియాయిడ్లు. నొప్పిని బాగానే అణచివేస్తాయి, కానీ ఊపిరి తీసుకోమని మెదడు ఇచ్చే ఆజ్ఞను కూడా మందగింపజేస్తాయి. లావుగా ఉండి, గొంతులో దారి ఇరుకై, నిద్రలో ఊపిరి ఆగిపోయే మనిషికి ఇవి ఎక్కువైతే ప్రమాదం రెండు వైపుల నుంచి వస్తుంది. పైగా వాంతి, మలబద్ధకం. కొత్తగా స్టేపుల్ చేసిన కడుపుతో వాంతి చేసుకోవడం ఎవరికీ మంచిది కాదు. మత్తుగా పడుకుంటే లేచి నడవరు, నడవకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు. ‘మీ నొప్పికంటే మీ ఊపిరి గురించే నాకు భయం ఎక్కువమ్మా. కానీ నొప్పి ఉంటే గట్టిగా ఊపిరి పీల్చరు, దగ్గరు, నడవరు. కాబట్టి నొప్పినీ వదిలేయను’ అన్నారు. ఈ మాట నాకు నచ్చింది. ఓపియాయిడ్ తగ్గించడమంటే రోగిని పళ్లు బిగించుకుని పడుకోమనడం కాదని నాకు అప్పుడే తెలిసింది.

ఆయన పద్ధతి ఏమిటంటే, ఒకే మందును పెద్ద మోతాదులో వాడకుండా, వేరు వేరు దారుల్లో పనిచేసే నాలుగైదు మందులను తక్కువ మోతాదుల్లో కలిపి వాడడం. ఇది ఆయన సొంత కనిపెట్టుడేమీ కాదు. డెన్మార్క్‌కు చెందిన హెన్రిక్ కెలెట్ అనే సర్జన్ 1990లలో ఈ ఆలోచనను ముందుకు తెచ్చారనీ, ఆపరేషన్ తర్వాత త్వరగా కోలుకునేలా చేసే పద్ధతులన్నీ అక్కడి నుంచే పెరిగాయనీ మా అమ్మాయి ఇంటికి వచ్చాక పాఠం చెప్పింది. డాక్టర్ గారి ముందు కూడా ఊరుకోలేదు. ‘సార్, గాబాపెంటిన్ ఇవ్వరా?’ అని నరాల నొప్పికి వాడే మందు పేరు చెప్పి అడిగేసింది. ఆయన దాని వంక చూసి, ‘ఇచ్చే చోట్లు ఉన్నాయమ్మా. గురక లేనివాళ్లకైతే నేనూ ఆలోచిస్తాను. మీ అమ్మగారికి అది కూడా నిద్రమత్తు తెచ్చేదే, వద్దు’ అన్నారు. కుర్రపిల్ల ప్రశ్నకు విసుక్కోకుండా జవాబు చెప్పే డాక్టర్లు ఎంతమంది ఉంటారో మీకూ తెలుసు.

ఆపరేషన్ రోజు పొద్దున్న, కొంచెం నీళ్లతో పారాసెటమాల్ మింగించారు. నొప్పి ఇంకా పుట్టకముందే మందా అని మా ఆయన ఆశ్చర్యపోయారు. లోపల మత్తు ఇచ్చాక అల్ట్రాసౌండ్ యంత్రంతో చూస్తూ పొట్ట గోడ పొరల మధ్య రెండు వైపులా బ్యుపివకైన్ అనే మొద్దుబార్చే మందు ఇచ్చారట. దాన్ని ట్యాప్ బ్లాక్ అంటారు. పొట్ట మీద గొట్టాలు పెట్టిన చోట్ల చర్మం, కండరం మొద్దుబారిపోతాయి. నొప్పికి కాసింత కీటమిన్, వాంతులు రాకుండా డెక్సామెథసోన్, ఒండాన్‌సెట్రాన్. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూసుకుని, డైక్లోఫెనాక్ జాతి నొప్పి మందు కెటోరోలాక్ ఒక మోతాదు. డెక్సామెథసోన్ వల్ల షుగరు పెరుగుతుందని ముందే చెప్పారు, పెరిగింది, ఇన్సులిన్‌తో సరిచేశారు. ముందే చెబితే పెరిగిన అంకె చూసినా గుండె ఆగదు. తర్వాత వార్డులో ఆరు గంటలకొకసారి సెలైన్ ద్వారా పారాసెటమాల్, నొప్పి ఉందా లేదా అని అడగకుండా, గడియారం ప్రకారం.

సాయంత్రానికి లేపి నిలబెట్టారు. ఫిజియోథెరపీ అమ్మాయి పొట్టకు దిండు అదిమి పెట్టి దగ్గమంది. దగ్గాను. నొప్పి లేదని చెప్పను. ఉంది, కానీ దగ్గనిచ్చేంత నొప్పే. వరండాలో ఒక చివరి నుంచి మరో చివరి దాకా నడిచాను. ఊపిరితిత్తుల వ్యాయామానికి ఇచ్చే మూడు బంతుల డబ్బా పీల్చి రెండు బంతులు లేపాను. ఆ అమ్మాయి మాటలో తమిళ యాస, పట్టుదలలో మా డిపో మేనేజర్‌ని మించిన గట్టితనం.

ఇక్కడ నర్సుల పనితీరులో ఒక మంచి విషయం చెప్పాలి. నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత అని అన్నిచోట్లా అడుగుతారు. పడుకున్నవాళ్లు మూడు అంటారు, నర్సు రాసుకుని వెళ్లిపోతుంది. ఇక్కడ ‘కదలకుండా ఉంటే ఎంతక్కా? దగ్గితే ఎంత? లేచి కూర్చుంటే ఎంత?’ అని విడివిడిగా అడిగారు. పడుకుంటే రెండు, దగ్గితే ఐదు. ఆ ఐదును చూసే మందు మార్చాలి గానీ రెండును చూసి కాదు.

అర్ధరాత్రి దాటాక బ్లాక్ పని అయిపోయింది. ఒక్కసారిగా కాదు గానీ ఎడమ వైపు పెద్ద గాటు దగ్గర మంట మొదలైంది. దానికి తోడు కుడి భుజం. భుజానికి ఎవరూ కత్తి పెట్టలేదు కదా అని నేను గాబరా పడితే నైట్ డ్యూటీ నర్సు చెప్పింది, పొట్ట ఉబ్బించడానికి పంపిన కార్బన్ డయాక్సైడ్ కొంత మిగిలి, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ కండరాన్ని రెచ్చగొడుతుంది, దాని నరం నొప్పిని భుజంలో చూపిస్తుంది అని. దీనికి బ్లాక్ పనిచేయదు, నడకే మందు అంది. వేడి కాపడం పెట్టి రెండు అడుగులు వేయించింది. భుజం సర్దుకుంది, గాటు సర్దుకోలేదు. దగ్గితే ఏడు. అప్పుడు డాక్టర్‌కు ఫోన్ చేసి అడిగి 50 మిల్లీగ్రాముల ట్రమడాల్‌ను సెలైన్‌లో నెమ్మదిగా ఎక్కించింది. ఎక్కించే ముందు నాకు సీపాప్ మాస్కు తగిలించింది, మంచం తల వైపు ఎత్తింది, వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టి కుర్చీ లాక్కుని కూర్చుంది. అంకె 95 నుంచి 91 దాకా దిగి మళ్లీ పైకి వచ్చింది. కొంచెం వికారం, తెల్లవారే దాకా మగత. నాకు ఇచ్చిన ఓపియాయిడ్ వార్డులో అదొక్కటే. అవసరమైనప్పుడు ఇచ్చారు, ఇచ్చి వదిలేయకుండా కాపలా కాశారు. అందుకే ఈ వార్డుకు ఐదు నక్షత్రాలు.

వార్డులో లోపాలు లేకపోలేదు. లావు చేతులకు పనికొచ్చే పెద్ద బీపీ కఫ్ రాత్రిపూట దొరకదు, అల్మారా తాళం పగటి సిస్టర్ దగ్గర ఉంటుందట. చిన్న కఫ్ బిగించి బీపీ ఎక్కువ ఉందని ఒకటే హడావుడి. కఫ్ చిన్నదైతే అంకె ఎక్కువే చూపిస్తుంది, అది తెలిసిన ఆస్పత్రే కదా! వంటగది వాళ్లు మర్నాడు పొద్దున్న ఇడ్లీ, సాంబారు, వడ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. స్పూనుతో నీళ్లు తాగుతున్న మనిషి ముందు వడ! మా ఆయన తిన్నారు, బాగుందన్నారు. తర్వాతి పూట నుంచి పెసరకట్టు తేట, పల్చటి మజ్జిగ సరిగ్గానే వచ్చాయి.

ఇప్పుడు రెండు నక్షత్రాల సంగతి. ట్యాప్ బ్లాక్ ప్యాకేజీలో భాగమే అని నోటిమాటగా చెప్పారు. బిల్లులో అది విడిగా వచ్చింది. వేలల్లో మొత్తం. అడిగితే ‘అది మత్తు డాక్టర్ గారి ప్రొసీజర్ మేడమ్, ప్యాకేజీ సర్జన్ గారిది’ అన్నాడు కౌంటర్ కుర్రాడు. నాకు డబ్బు ఇవ్వడం బాధ కాదు. ఆ బ్లాక్ లేకపోతే ఆ రాత్రి ఎన్ని ట్రమడాల్ సీసాలు ఎక్కేవో నాకు తెలుసు. ముందు ఒక మాట, తర్వాత ఒక మాట అన్నదే బాధ. నా బస్సులో టికెట్ రేటు ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఒకటి చెబితే ప్రయాణికులు ఊరుకుంటారా?

అంతకంటే పెద్ద లోపం డిశ్చార్జి చీటీ. దాంట్లో అచ్చు వేసిన వరుసలు ఉంటాయి: గ్యాస్ మాత్ర, వాంతుల మాత్ర, రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్, ఆ కింద ట్రమడాల్, పారాసెటమాల్ కలిపిన మాత్రలు ఒక పట్టీ, రోజుకు రెండు. ఆ పట్టీ మందుల సంచిలో కూడా వచ్చేసింది. ఇల్లు చేరాక చూసుకుని ఉంటే మింగేదాన్నే. మా అమ్మాయి కౌంటర్ దగ్గరే చీటీ చదివింది. ‘వార్డులో ఇన్ని జాగ్రత్తలు పడి, ఇంటికి పంపేటప్పుడు ఇదెందుకు? ఇంట్లో క్లిప్పు పెట్టి ఎవరు కూర్చుంటారు?’ అని నిలదీసింది. పైనుంచి డ్యూటీ డాక్టర్ వచ్చి, అది అందరికీ అచ్చయ్యే చీటీ అని ఒప్పుకుని ఆ వరుస కొట్టేసి, సంతకం పెట్టి, మాత్రలు వెనక్కి తీసుకున్నారు. మత్తు డాక్టర్ గారికి ఈ సంగతి తెలియనే తెలియదట. అంత శ్రద్ధగా వేసిన పథకాన్ని ఒక కంప్యూటర్ ఫారం నీరుగార్చేస్తోందంటే ఎవరైనా చూసుకోవద్దా?

ఒక పట్టీకి ఇంత రాద్ధాంతమా అనుకునేవాళ్లకు చెబుతున్నాను. ట్రమడాల్‌ను మన దేశంలో 2018లో మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు, ఊరికే తేలేదు. మాత్రలు మిగులుతాయి. మిగిలినవి బీరువాలో ఉంటాయి. మామగారికి నడుం నొప్పి వస్తే ఒకటి, ఆడపడుచుకు తలనొప్పి వస్తే ఒకటి. మూర్ఛ ఉన్నవాళ్లకూ, మనోవ్యాకులతకు కొన్ని రకాల మందులు వాడేవాళ్లకూ అది ప్రమాదం, బీరువాకు ఆ సంగతి తెలియదు. అమెరికాలో అయితే అంతకుముందు ఓపియాయిడ్ ముట్టని వాళ్లు కూడా కొందరు, బరువు తగ్గే సర్జరీ తర్వాత ఏడాది దాటినా వాటిని వాడుతూనే ఉన్నారని పరిశోధనల్లో తేలింది. అక్కడ బరువు తగ్గే సర్జరీలు చేసే ఆస్పత్రులు కలిసి డిశ్చార్జి మందుల్లో ఓపియాయిడ్లు తగ్గించడానికే ప్రత్యేకంగా పనిచేశాయి. మనకు ఆ స్థాయి విపత్తు లేదని, వాళ్లు వదిలించుకుంటున్న అలవాటును మనం అచ్చు వేసి పంచనక్కర్లేదు.

అలాగని ఆ మందుల మీద నాకు పగేమీ లేదు. మా బావగారు క్యాన్సర్‌తో పోయారు. ఆయనకు మార్ఫిన్ కావాల్సి వచ్చినప్పుడు దాన్ని సంపాదించడానికి మేం పడ్డ తిప్పలు పగవాళ్లకు కూడా వద్దు. మత్తుమందుల చట్టాన్ని 2014లో సడలించినా మందు మంచం దాకా చేరడానికి ఇంకా మొహం వాచాల్సి వస్తోంది. కావలసిన వాళ్లకు అందక, అక్కర్లేని నాకు సంచిలో ఉచితంగా రావడం చూస్తే ఒళ్లు మండింది.

ఇంటి దగ్గర నాకు సరిపోయింది పారాసెటమాల్ సిరప్పే. మొదట్లో పెద్ద మాత్రలు మింగకూడదు. పొడి చేసి వేసుకోవచ్చు గానీ, నెమ్మదిగా కరిగే రకం మాత్రలను నలపకూడదని గట్టిగా చెప్పారు. రోజు మొత్తంలో నాలుగు గ్రాములు దాటకూడదు. జలుబు మాత్రల్లో ఉండే పారాసెటమాల్‌నూ ఆ లెక్కలో కలుపుకోవాలి. వీళ్లిచ్చిన పసుపు రంగు కార్డు మాత్రం ఎంతో ఉపయోగం. రోజురోజుకూ తగ్గాల్సిన నొప్పి పెరిగినా, గుండె వేగం 120 దాటినా, జ్వరం వచ్చినా, దాన్ని మాత్రతో అణచుకుని పడుకోకుండా వెంటనే ఫోన్ చేయమని పెద్ద అక్షరాల్లో ఉంది, స్టేపుల్ దగ్గర లీకైతే మొదట చెప్పేవి ఇవేనట. ఒక సాయంత్రం కంగారుపడి ఆ నంబర్‌కు ఫోన్ చేశాను. ఎత్తారు, నాడి లెక్కపెట్టించారు, భయం లేదన్నారు. ఫోన్ ఎత్తడమే ఈ రోజుల్లో పెద్ద సేవ.

నాకు నిజంగా కష్టమైంది ట్రమడాల్ మానడం కాదు, డైక్లోఫెనాక్ మానడం. పొద్దంతా నిలబడి టికెట్లు కొట్టే మా వాళ్లందరి జేబుల్లోనూ అది ఉంటుంది, మోకాలు సలిపితే టీతో పాటు ఒకటి. సర్జరీ తర్వాత ఆ జాతి మాత్రలు వద్దన్నారు. బరువు తగ్గడానికే కడుపుకు బైపాస్ చేయించుకున్న వాళ్లకు, పేగును కడుపుకు అతికించిన చోట పుండ్లు పడే ప్రమాదం ఎక్కువ, స్లీవ్ వాళ్లను కూడా దూరంగానే ఉండమంటారు. వార్డులో కెటోరోలాక్ ఇచ్చారు కదా అంటే, అది ఒక మోతాదు, కిడ్నీ చూసి, గ్యాస్ మందు అడ్డం పెట్టి ఇచ్చింది, మీది రోజువారీ వ్యవహారం అన్నారు సర్జన్ గారు. బరువు తగ్గేకొద్దీ మోకాళ్లు తేలికపడ్డాయి గానీ, మొదటి నెలన్నర కాపడాలు, పూత మందులు, తిట్లతోనే గడిచింది.

వెళ్లబోయేవాళ్లకు: మత్తు డాక్టర్ గారి ఓపీ మధ్యాహ్నం మాత్రమే ఉంటుంది. సర్జన్ అపాయింట్‌మెంట్ అదే రోజు పొద్దున తీసుకుంటే రెండూ ఒకే రాకలో అయిపోతాయి. మీ గురక వినే మనిషిని వెంట తీసుకెళ్లండి. బ్లాక్ చార్జీ ప్యాకేజీలో ఉందో లేదో కాగితం మీద రాయించుకోండి. డిశ్చార్జి చీటీలో నాలుగో వరుస చదవకుండా సంచి అందుకోవద్దు. కౌంటర్ దగ్గర కుర్చీలకు చేతులున్నాయి, మనలాంటి వాళ్లకు ఇరుకు; ఫార్మసీ పక్కన చేతులు లేని బల్ల ఒకటి ఉంది, అక్కడ కూర్చోండి.